బక్క బకాసురుడు

కొన్ని ఇళ్లలో షుగరు తరతరాలుగా వస్తుంది. కొన్ని ఇళ్లలో పొలం వస్తుంది. మా ఇంట్లో బకాసురుడు వస్తాడు. షుగరుకైతే మాత్రలున్నాయి.

వేప్పనపల్లి దాటి కుప్పం వైపు పోతే మామిడి తోటల మధ్య మా ఊరు. బోర్డులు తమిళంలో ఉంటాయి, తిట్లు తెలుగులో ఉంటాయి, సంతలో బేరం కుదరకపోతే కన్నడం కూడా బయటికొస్తుంది. మామిడి కోతలు మొదలయ్యేలోపు, ఎండ బాగా ముదిరిన రోజుల్లో, మా ఊళ్లో భారతం పెడతారు. రాత్రి కథ చెప్పేవాళ్లు వేరే ఊరినుంచి వస్తారు. పగటి వేషాలు మాత్రం ఊరివాళ్లవే. ఏ వేషం ఏ ఇంటిదో మా ముత్తాతల నాడే తేలిపోయింది. ధర్మరాజు వేషం పడమటి వీధికి పోయింది. భీముడు పాల సెంటరువాళ్ల ఇంటికి. మా ముత్తాత పంపకానికి ఆలస్యంగా వెళ్లాడని మా అమ్మ వాదన. మిగిలింది బకాసురుడు.

కథ అందరికీ తెలిసిందే. ఊరి బయట కొండమీద ఒక రాక్షసుడు. ఊరి మీద పడకుండా ఉండాలంటే రోజూ ఒక బండెడు అన్నం, ఆ బండికి కట్టిన ఎద్దులు, తోలుకొచ్చిన మనిషి, అన్నీ అతనికే. ఒకరోజు బండి మీద భీముడు వెళ్తాడు. వెళ్లి, ఆ అన్నం తనే తినేస్తాడు. వెనకనుంచి రాక్షసుడు వీపు మీద బాదుతున్నా తిరిగి చూడడు. అంతా తిన్నాక లేచి చంపుతాడు. చిన్నప్పుడు నాకు ఇందులో ఒక్కటే సందేహం. ఎదుటివాడి అన్నం తిన్నది ఎవరు, రాక్షసుడన్న పేరు ఎవరికి? అడిగితే మా అమ్మ, "నువ్వు రాక్షసుని పక్క మాట్లాడకుండా ఉంటావా ఏంది, రక్తం యాడికి పోతాది" అనేది.

మా ఊళ్లో భారతంలో బకాసురుణ్ణి చంపే రోజు భీముడు ట్రాక్టరు ట్రాలీలో బయలుదేరి వీధి వీధీ తిరుగుతాడు. ప్రతి గేటు ముందూ ట్రాక్టరు ఆగుతుంది. చిత్రాన్నం, అలసంద గుగ్గిళ్లు, ఓలిగలు, సంగటి ముద్దలు, ఎవరికి తోచింది వాళ్లు తెచ్చి ట్రాలీలో పెడతారు. మా గేటు ముందు మాత్రం ఆగదు. రాక్షసుడికి పంపే అన్నం రాక్షసుడి ఇంట్లో వండరు. ఆ రోజు మా పొయ్యి కూడా వెలగదు. ట్రాక్టరు మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి డ్రైవరు మమ్మల్ని ఎరగనట్టు ముందుకే చూస్తూ పోతాడు. మామూలు రోజుల్లో ఆ డ్రైవరే మా ఇంట్లో కాఫీ తాగకుండా పోడు.

మా తాత తర్వాత వేషం మా చిన్నాయనకు వచ్చింది. చిన్నాయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కాయల లోడు తోలుతాడు. మనిషి ఎంత బక్కగా ఉంటాడంటే, లారీ దిగినా సీటుకు తెలియదు. తాత కూడా అంతే. మా ఊరి బకాసురుడు ఎప్పుడూ బక్కవాడే. ఒంటికి మసి, ఎర్రమన్ను, సున్నం పూసుకుని, కొబ్బరి చిప్పలోంచి కోసిన కోరలు పెట్టుకుని, పక్కటెముకలు లెక్కపెట్టుకొమ్మన్నట్టు ఊరి బయట బండమీద కూర్చుంటాడు. ఆ ఎముకలను చూస్తేనే మా ఊరి పిల్లలకు భయం. లావుపాటి రాక్షసుణ్ణి చూసి మేమెవరమూ భయపడి ఎరగం, ఎందుకంటే చూడలేదు.

చూసింది హోసూరులో.

బర్గూరులో చదువు ముగించి హోసూరులో ఉద్యోగానికి చేరాను. స్పేరు పార్టుల కంపెనీలో క్వాలిటీ సెక్షను. కొలతకు సరిపోని వాటిని వెనక్కి పంపడం నా పని. అక్కడ చూద్దును కదా, మావాడు ఎక్కడ పడితే అక్కడే. బిర్యానీ హోటలు బోర్డు మీద ఆకుపచ్చగా, గుండ్రంగా, మీసాలు దువ్వుకుంటూ, చేతిలో కోడికాలుతో. ఆటో వెనక అద్దం మీద. జిమ్ముకు పోయేవాళ్ల బనీను మీద. మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎవరైనా రెండోసారి అన్నం పెట్టించుకుంటే ఒక స్టిక్కరు వస్తుంది, అందులోనూ వాడే, పొట్ట ఊపుకుంటూ. చిన్నపిల్లల కార్టూనులో అయితే వాడు తమిళం కూడా మాట్లాడతాడు. చంపినవాడి బొమ్మ మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. ఇంతమంది ఇన్నిచోట్ల తలుచుకుంటున్నారంటే ఇంటివాళ్లుగా సంతోషించాలి. కానీ ఫోటోలో ఉన్నది మన మనిషి కాదు. మన తాత పేరు రాసి పక్కింటాయన ఫోటో వేసినట్టుంటుంది.

భారతానికి సెలవు అడిగినప్పుడు సూపర్‌వైజరుకు ఉన్నమాటే చెప్పాను. "ఊళ్లో మా చిన్నాయనను చంపుతున్నారు సార్, వెళ్లాలి." ఆయన తల ఎత్తకుండా, "ఎన్ని రోజులు?" అన్నాడు. హోసూరులో పని వాతావరణం మంచిదే.

ఇంటికి చేరేసరికి భారతం కమిటీ ప్రెసిడెంటు మా వసారాలో కూర్చుని ఉన్నాడు. నాకు మామ వరస, చిన్నాయనకు బావ. ఊళ్లో ఏ ఫ్లెక్సు కట్టినా అందులో ఆయన ఫోటో ఉంటుంది, చావు ఫ్లెక్సుల్లో తప్ప. కాళ్ల దగ్గర పరుపంత సంచి. జిప్పు లాగాడు. లోపలినుంచి ఆకుపచ్చ స్పాంజి రాక్షసుడు ఉబ్బుకుంటూ బయటికొచ్చాడు. హోటలు బోర్డు మీద ఉన్నవాడే. ఛాతీ మీద హోటలు పేరు కూడా ఉంది.

"ఇదేంది బావా?" అన్నాడు చిన్నాయన.

"బకాసురుడు. హోటలోళ్లు ఇచ్చినారు. ఈసారి లైట్లు, మైకు, షామియానా అంతా వాళ్లదే. మనం చేయాల్సింది ఒకటే, నువ్వు ఇది తొడుక్కోవాల. లోపల ఫ్యాను కూడా ఉండాది."

"రాక్షసునికి ఫ్యానా?"

"ఎండకాలం కద బామ్మర్దీ."

చిన్నాయన స్పాంజి పొట్టను వేలితో నొక్కాడు. అది లోపలికి పోయి మళ్లీ పైకి వచ్చింది. "ఇంత పొట్ట ఉన్నోడు బండి కోసం ఎందుకు కాచుకుంటాడు బావా? కడుపు నిండినోడు పండుకుంటాడు. ఆకలైనోడే కద కొండ దిగేది."

"కథలొద్దప్పా. జనం దీన్నే చూస్తారు. పిలకాయలు దీనితోనే సెల్ఫీ తీసుకుంటారు. నిన్ను చూస్తే ఎవురికి గుర్తు పడతాది?" మామ నా వైపు తిరిగాడు. "చదువుకున్నదానివి, నువ్వన్నా చెప్పమ్మా మీ చిన్నాయనకు."

"నా పనే కొలతకు సరిపోనివి వెనక్కి పంపేది మామా. ఇది సరిపోలేదు."

మామకు నా ఉద్యోగం మీద ఉన్న గౌరవం కొంచెం తగ్గినట్టు కనిపించింది. సంచి జిప్పు వేశాడు. "సరే. మీరు తొడుక్కోకపోతే హోటలోళ్లే మనిషిని పంపిస్తారంట. వాళ్లకూ అదే ఇష్టం. వేషం ఆగదు కద."

మామ సంచి ఎత్తుకుని వెళ్లిపోయాడు. మా ఊళ్లో వేషం ఒకసారి చేయి మారితే మళ్లీ ఆ ఇంటికి రాదు. సహదేవుడి వేషం ఉన్న కుటుంబం బెంగళూరులో పెళ్లికి పోయి ఒక్కసారి రాలేకపోయింది. ఇప్పటికీ వాళ్లు భారతం చూడటానికి వస్తారు, కుర్చీలో కూర్చుని చూసి పోతారు. సహదేవుడు వాళ్ల ఎదురింట్లో తయారవుతుంటాడు.

ముందు తేరుకుంది మా చిన్నమ్మ. "అంటే ట్రాక్టరు మన గేటు కాడ నిలబడతాది" అంది.

అంతవరకు మాకెవరికీ తట్టలేదు. వేషం మాది కాకపోతే మాది రాక్షసుడి ఇల్లు కాదు. రాక్షసుడి ఇల్లు కాకపోతే అందరిలాగే పొయ్యి వెలిగించి, వండి, ట్రాలీలో పెట్టాలి. ఒక గిన్నెడు అన్నం పెట్టామంటే, వేషం వదిలేసుకున్నామని మా చేతులతో మేమే చెప్పినట్టు.

"కొంచెం చిత్రాన్నం పెట్టేస్తే ఊళ్లో మాట లేకుండా పోతుంది కదా చిన్నమ్మా" అన్నాను. చదువు అప్పుడప్పుడు అలా నాతో పనికిరాని మాటలు అనిపిస్తుంటుంది.

చిన్నమ్మ వంటింట్లోకి పోయి పొయ్యి కడగడం మొదలుపెట్టింది. చిన్నాయన లారీ అద్దం విప్పుకొచ్చి తుడుచుకుంటూ, "వాడూ రానీ. నేనూ పోతా" అన్నాడు. లారీ డ్రైవర్లు మామూలుగా ఎక్కువ మాట్లాడతారు. మావాడు హారను మీదే ఆధారపడతాడు.

ఆ రోజు పొద్దున పొయ్యి వెలిగించలేదు. మేము నీళ్ల మజ్జిగ తాగి కూర్చున్నాం. పెరట్లో, నీళ్ల గాబు మీద అద్దం నిలబెట్టుకుని, చిన్నాయన తీరిగ్గా మసి పూసుకుంటున్నాడు. దూరంగా పలక డప్పుల మోత వినిపించింది. దగ్గరైంది. మా గేటు ముందుకొచ్చి కదలకుండా నిలబడింది.

నా జన్మలో ఆ ట్రాక్టరు మా ఇంటి ముందు ఆగింది అప్పుడే. ట్రాలీలో అన్నాల మధ్య భీముడు నిలబడి ఉన్నాడు. అట్టముక్కలతో చేసిన గద, గులాబీరంగు బుగ్గలు. భీముడు ఆ రోజు పొద్దుటినుంచి ఏమీ తినకూడదు. మనిషి ముఖంలో అది తెలుస్తోంది. ముందు నడుస్తున్న ప్రెసిడెంటు మామ మా గేటు తట్టాడు.

చిన్నమ్మ వచ్చి గేటు బార్లా తీసింది. రెండు చేతులూ ఖాళీగా చూపించింది.

"ఏమప్పా భీమా, యాడన్నా రాక్షసుని ఇంట్లో అన్నం అడుగుతారా? మీ నాయన అడిగినాడా? మీ తాత అడిగినాడా?"

భీముడు గద కిందికి దించాడు. "నేనేమీ అడగలా అక్కా. బండి ఆపినారు, నిలబడినాను."

"అడగకపోతే పోండి. ఈడ పొయ్యి వెలగలా."

"అమ్మా, ఇప్పుడు మీది ఆ ఇల్లు కాదు కదమ్మా" అన్నాడు మామ, గొంతు తగ్గించి. "ఈసారి వేషం వేరే. ఏదో ఒక గంటెడు పెట్టండి, ఊరి పద్ధతి."

"ఊరి పద్ధతి నాకు నువ్వు నేర్పిస్తావా అన్నా? నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటినుంచి ఈ రోజు పస్తే. ఎవురి కోసం పస్తు ఉన్నాను? నీ స్పాంజి కోసమా?"

పలకలవాళ్లు వాయించడం మరిచిపోయారు. జనం ఇళ్లలోనుంచి బయటికొచ్చారు. అప్పుడు ఎదురింటి అవ్వ, తెచ్చిన గుగ్గిళ్ల గిన్నె కొంగు కిందికి లాక్కుని, "మా ఇంట్లో కూడా వెలగలా" అంది.

"అవ్వా, ఆ చేతిలో ఏంది?"

"ఏం చేతిలో?"

"లోపల కుక్కరు కూత పెడతా ఉండాది కదవ్వా!"

"పెడితే పెట్టనీ. అది దానిష్టం."

నవ్వులు మొదలయ్యాయి. ఆ పక్కింటివాళ్లు గేటు వేసుకున్నారు. మూలింటి కోడలు ఓలిగల పళ్లెంతో బయటికి రాబోయి, అందరినీ చూసి, వెనక్కి పోయింది. మా వీధి మొత్తం తిరగబడిందని చెప్పాలని నాకూ ఉంది. కానీ చివరి ఇంటి పెద్దాయన నిండు గిన్నె పెరుగన్నం పెట్టాడు. ఆయనకు భీముడి పాల సెంటరుతో రోజూ పని. ఎవరి ఇబ్బందులు వాళ్లవి. ట్రాలీ సగం ఖాళీగానే బండ దగ్గరికి బయలుదేరింది.

మేమూ వెనకే పోయాం. ఆ బండే ఊరి తూర్పున ఉన్న పెద్ద గుండు. నీడ అనేది అక్కడ తొండలకు కూడా దొరకదు. దానిమీద హోటలు బ్యానరు కట్టి ఉంది. బ్యానరు కింద ఆకుపచ్చ బకాసురుడు కూర్చుని, తలకాయ తీసి ఒళ్లో పెట్టుకుని, నీళ్ల సీసా ఎత్తి తాగుతున్నాడు. లోపలున్నది ముప్పై దాటిన మనిషి, హోటల్లో పార్సిలు కౌంటరు. పల్నాడు వైపునుంచి పనికొచ్చి ఏడాది కూడా కాలేదట. ఫ్యాను బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. మనిషి ఉడికిపోతున్నాడు.

నన్ను చూసి మర్యాదగా, "మేడమ్, నన్ను ఎప్పుడు చంపుతారండీ? సాయంత్రం కౌంటర్లో ఉండాలండీ" అన్నాడు.

అతని మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. కుదరలేదు. "భీముడు తినాలి కదా, కొంచెం ఆగండి" అన్నాను.

భీముడు గుండు ఎక్కి, రాక్షసుడికి వీపు పెట్టి కూర్చుని, తినడం మొదలుపెట్టాడు. పద్ధతి ప్రకారం రాక్షసుడు వెనకనుంచి రెండు అరచేతులతో బాదాలి. ఆ దెబ్బలు నిజం దెబ్బలు. వాటికి తగ్గట్టు పలకలు మోగుతాయి. దెబ్బ ముదిరేకొద్దీ మోత ముదురుతుంది, చివరికి భీముడు లేస్తాడు. పల్నాడు ఆయన తలకాయ తగిలించుకుని, అడ్డంగా నడిచివచ్చి, పెద్ద స్పాంజి చేతులెత్తి కొట్టాడు. ఏమీ వినపడలేదు. ఇంకోసారి కొట్టాడు. పలకలవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

భీముడు నమలడం ఆపి, తల తిప్పకుండా అడిగాడు. "ఎవురన్నా కొడతా ఉండారా?"

గుండు కింద జనం విరగబడి నవ్వారు. ప్రెసిడెంటు మామ కిందనుంచి చేతులూపాడు. "కొట్టినాడప్పా, లెయ్యి, లెయ్యి!"

"నాకు తగల్లా మామా. తగలకుండా ఎట్ల లేసేది? మా నాయన ఊరుకుంటాడా?" భీముడు పెరుగన్నం గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. అతనికి తొందరేమీ ఉన్నట్టు లేదు. ఆకలి మీద ఉన్నాడు, పైగా న్యాయం కూడా అతని వైపే ఉంది.

అప్పుడు గుండు వెనక వైపునుంచి మా చిన్నాయన ఎక్కాడు. మైకులో ఎవరూ చెప్పలేదు, పలకలు మోగలేదు. నల్లటి మనిషి, ఎముకలమీద సున్నపు గీతలు, నోట్లో కొబ్బరి కోరలు. మధ్యాహ్నపు ఎండలో, ఆకాశానికి ఎదురుగా, కాలిపోయిన కొమ్మ ఒకటి లేచి నడిచొచ్చినట్టున్నాడు. ముందు వరసలో ఒక చంటిది ఏడుపు అందుకుంది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. మా ఇంటి మనిషిని చూసి ఏడ్చేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఆకుపచ్చాయన వెనక్కి తిరిగి చూసి, "అమ్మో" అని రెండడుగులు పక్కకు జరిగాడు. ఎవరూ నేర్పకుండానే ఆ వేషంలో అతను చేసిన మంచి పని అది. చిన్నాయన అతన్ని చూడలేదు. బ్యానరును చూడలేదు. పొద్దుటినుంచి మజ్జిగ నీళ్లమీద ఉన్న మనిషి, అన్నం గిన్నెల వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో వేషమేదీ నాకు కనిపించలేదు. తర్వాత రెండు చేతులూ ఎత్తి భీముడి వీపు మీద వేశాడు.

ఆ దెబ్బ మాకు కిందికి వినబడింది. పలకలు వాటంతటవే అందుకున్నాయి. రెండో దెబ్బకు భీముడి నోట్లో పెరుగన్నం బయటికొచ్చింది. మూడో దెబ్బకు అతను పెద్దగా నవ్వుతూ లేచాడు. "ఆ, ఇప్పుడు తగిలింది!" అని అరిచి, గద తీసుకున్నాడు. వాళ్లిద్దరూ గుండు అంతా తిరుగుతూ కొట్టుకున్నారు. జనం లేచి నిలబడ్డారు. పల్నాడు ఆయన తలకాయ మళ్లీ తీసి చంకలో పెట్టుకుని, మిగతావాళ్లతో పాటు ఫోను ఎత్తి వీడియో తీయడం నేను నా కళ్లతో చూశాను. సాయంత్రానికి ఆ వీడియో హోసూరు దాకా పోయింది. దాని కింద ఎవరో, ఇది బకాసురుడా కరెంటు తీగా అని రాశారు. నాకు తెలిసి మావాడి గురించి ఆ ఊళ్లో ఎవరైనా రాసిన మొదటి నిజం అది.

చివరికి గద దిగింది. చిన్నాయన చేతులు చాచి, తాత ఎలా పడేవాడో అలాగే, వెల్లకిలా పడ్డాడు. మా చిన్నాయనను చంపేశారు. ఇంటిల్లిపాదీ సంతోషించాం. చిన్నమ్మ అయితే పక్కనున్న ఎదురింటి అవ్వను పట్టుకుని కళ్లు తుడుచుకుంది. అవ్వ కొంగు కిందనుంచి గుగ్గిళ్ల గిన్నె తీసి, "ఇంక పెట్టచ్చునా?" అని అడిగింది.

భీముడు చంపాక మిగిలిన అన్నం జనానికి పంచుతారు. అది తింటే సంతానం కలుగుతుందని, పిల్లలు లేనివాళ్లు దానికోసం దూరం నుంచి వస్తారు. ఆ పంపకం ముగిసేదాకా రాక్షసుడు కదలకూడదు, మాట్లాడకూడదు. చిన్నాయన ఎండలో కాలే బండమీద కళ్లు మూసుకుని పడి ఉన్నాడు. నేను గొడుగు పట్టుకుని దగ్గరికి పోయాను. శవానికి గొడుగు పట్టకూడదని ఏ పద్ధతీ చెప్పలేదు.

ప్రెసిడెంటు మామ కూడా గుండు ఎక్కి వచ్చాడు. చెమట తుడుచుకున్నాడు. నా వైపు చూడకుండా, మోకాళ్లమీద కూర్చుని, చిన్నాయన చెవి దగ్గరికి వంగాడు.

"సరే బామ్మర్దీ, వేషం నీదే. నేనేమీ అనను. హోటలోళ్లకు కూడా నేనే చెప్పుకుంటాను. ఇప్పుడు ఆ ఆకుపచ్చ తలకాయ ఒక్క నిమిషం పెట్టుకో. ఫోటోకే. పండుకున్నట్టే ఉండు, నేనే తగిలిస్తాను. ఏమంటావు?"

చిన్నాయన కళ్లు తెరవలేదు. ఊపిరి కూడా పీల్చినట్టు కనబడలేదు. తల మాత్రం ఇటునుంచి అటు, అటునుంచి ఇటు, తీరిగ్గా తిప్పాడు.